మంచుకిందావిడ

టక్, టక్, టక్.

బల్ల కింద దూరి చెక్కగరిటెతో కొడుతోంది ఆలూకి. బల్ల మీద ఆమె మనవరాలు, ఆరేళ్ల తుల్లిక్, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆటలో బల్ల సముద్రం మీది మంచు. ఆలూకి, పిల్లల్ని నీళ్లలోకి లాక్కుపోయే మంచుకిందావిడ.

"పిల్లా, కిందికి రా. నా కోటు వెనకున్న పెద్ద టోపీలో వెచ్చగా పడుకోబెడతా," అంది ఆలూకి గొంతు మార్చి. వెంటనే తన గొంతుతోనే అడిగింది. "ఇప్పుడేం చెప్పాలి?"

"నువ్వెవరో నాకు తెలుసు. ఇవాళ నీతో రాను."

"కాళ్లు?"

"పరిగెత్తకూడదు. ఎడంగా పెట్టి మెల్లగా నడవాలి."

"అన్నీ వచ్చుగదయ్యా నీకు! మరి నిజం మంచు చూస్తే ఆ ఏడుపేంటి?"

పిల్ల తండ్రి వైపు చూసింది. ఇనూసిక్ గుమ్మం దగ్గర ఈటెకు సాన పెడుతున్నాడు. తలెత్తలేదు.

తుల్లిక్ అన్నది ఆలూకి భర్త పేరు. కిటికీలోంచి కనిపించే ఆ మంచులోనే ఏడేళ్ల కింద దిగబడిపోయాడు. మనిషి దొరకలేదు. మరుసటేడు పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టారు. పేరుతోపాటు మనిషీ వస్తాడంటారు. అందుకే ఆలూకి మనవరాలిని "ఏమయ్యా" అనే పిలుస్తుంది.

భర్త పోయినప్పటినుంచి ఆమె మంచు మీద కాలు పెట్టలేదు. ఏటా ఊరంతా అవతలి ఒడ్డుకు చేపలకు పోతే, మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు నేల కింద టక్ టక్‌మని వినిపిస్తుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు భయం పిల్లను పట్టుకుంది. నిరుడు స్లెడ్జి మీద కేరింతలు కొడుతూ పోయిన పిల్ల, ఇప్పుడు ఒడ్డు చూస్తేనే గుక్కపెట్టి ఏడుస్తోంది.

"నీ కథల పుణ్యమే అమ్మా," అన్నాడు ఇనూసిక్. "రెండు వారాల్లో మంచు విరుగుతుంది. ఇప్పుడు దాటకపోతే ఇది ఇంకెప్పుడూ దాటదు. తాత పేరు పెట్టుకుని ఒడ్డున కూర్చుంటే ఊరు నవ్వదూ?"

ఆలూకి బల్ల కిందినుంచి బయటికి వచ్చింది. ధైర్యం రావాలని చెప్పిన కథలవి.

"నన్నేం చెయ్యమంటావురా?"

"నువ్వు చెయ్యి పట్టుకుంటే నడుస్తానంటోంది."

"నా మోకాళ్లు..."

"సరేలే. దాన్నీ నీ దగ్గరే వదిలిపోతా. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చోండి."

ఆ మాటతో ఆమె రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారాక పాత తోలుబూట్లు దులిపి తొడుక్కుంది.

ఒడ్డున పిల్ల రాగం తీసింది. ఏడుపు పెద్దదే గానీ బుగ్గలు పొడిగానే ఉన్నాయి. చలికి కన్నీళ్లు కూడా ఆగిపోయాయి కాబోలు అనుకుంది ఆలూకి. "ఏడవకు, నేనున్నాగా," అంటూ ముందు తనే అడుగు వేసింది. ఇనూసిక్ స్లెడ్జి లాగుతూ ముందు సాగాడు. అలల పోటుకు పగిలిన చోట, ఎవరూ చెప్పకుండానే పిల్ల గట్టి మంచు చూసి దాటింది. తాత పేరు కదా, ఆ కాళ్లకు తెలుసు అనుకుంది ఆలూకి.

సగం దారిలో వినిపించింది.

టక్, టక్, టక్.

ఆలూకి ఆగిపోయింది. ఆటలో అయితే పిల్ల మాట్లాడాలి. పిల్ల నోరు విప్పలేదు. తలెత్తి ఆమెనే చూస్తోంది.

ఆలూకి మంచు మీదికి వంగింది. "నువ్వెవరో నాకు తెలుసు." అరచెయ్యి మంచుకు ఆనించింది. "ఇవాళ నీతో రాను."

చప్పుడు ఆగింది. చిన్న చెయ్యి ఆమె చేతిని ముందుకు లాగింది.

అవతలి ఒడ్డున గుడారాల దగ్గర ఆడవాళ్లు టీ కాస్తున్నారు. "ఓహో, ఆలూకీ! ఏడేళ్లకు కుదిరాయా మోకాళ్లు?" అని అరిచింది ఒకావిడ.

"మనవరాలి భయం పోగొట్టడానికి వచ్చానే, నీ టీ కోసం కాదు!" అని ఆలూకి నవ్వింది. ఆ నవ్వు విని తనే ఉలిక్కిపడింది. వెనక్కి తిరిగి, దాటి వచ్చిన తెల్లదనాన్ని చాలాసేపు చూస్తూ నిలబడింది.

తుల్లిక్ మెల్లగా తండ్రి దగ్గరికి పోయి, కోటు పట్టి కిందికి లాగి, చెవిలో అడిగింది.

"నాన్నా, ఇక నేను భయపడ్డం ఆపేయచ్చా?"