ఛార్జి ఎక్కని సెల్‌ఫోను

"ఇంక ఇది లెగదండి డాట్రుగారూ. బేటరీ సచ్చిపోనాది," అన్నాడు గణపతిరావు.

"డ్రాయర్లో మూడు నెలలు ఉందంతే కదండీ," అంది డాక్టరు కావేరి.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. చోడవరానికి ఇంకా టవరు రాలేదు. విశాఖపట్నంలో కొన్న సెల్‌ఫోను అందుకే డ్రాయర్లో పడి ఉంది. ఇప్పుడు ఆవిడ విశాఖ వెళ్ళాలి. గణపతిరావు దాన్ని విప్పి, తుడిచి, రెండు రోజులు ఛార్జరుకి తగిలించినా దీపం వెలగలేదు.

"బస్టాండు దగ్గర ఆయనకి చూపిస్తాను," అని ఆవిడ ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

గణపతిరావుకి ఒళ్ళు మండిపోయింది.

బంగార్రాజు అనే ఆ ముసలాయన ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. బస్టాండు గోడ పక్కన బల్ల వేసుకుని నాలుగు నెలలు కాలేదు. తన పద్నాలుగేళ్ళ రిపేరు షాపును దాటుకుని జనం రేడియోలు పట్టుకుని ఆ బల్ల దగ్గరికే పోతుంటే గణపతిరావుకి అన్నం సయించడం లేదు. పైగా కావేరి కొత్త నర్సింగ్‌హోమ్ కట్టిస్తోంది. పన్నెండు గదులు, గదికో ఫోను. ఆ పని మీద అతనికి ఎప్పటినుంచో ఆశ. అది కూడా ముసలాయనకే పోతుందన్న భయంతో, రోడ్డుకి అడ్డంగా ఉందంటూ ఆ బల్ల తీయించమని మొన్ననే పంచాయతీలో అర్జీ పెట్టాడు.

మనసాగక ఆవిడ వెనకే వెళ్ళి కిళ్ళీకొట్టు చాటున నిలబడ్డాడు.

ఫోను బాగుపడకూడదని మొక్కుకున్న మెకానిక్కు జిల్లా మొత్తానికి అతనొక్కడే అయ్యుంటాడు.

ఇంకొకడు విప్పిన సెట్టు చేతికి రాగానే ఏ మెకానిక్కయినా మొదట అనే మాట ఒకటే, "దీన్నెవడు కెలికేడు?" అని. గణపతిరావే వందలసార్లు అన్నాడు. ఇప్పుడు ఆ మాట తన మీద పడుతుందని చెవులు రిక్కించాడు.

బంగార్రాజు ఆ మాట అనలేదు.

మంచి బ్యాటరీ ఒకటి తీసి, రెండు వైర్లతో ఫోను బ్యాటరీకి కాసేపు కలిపి ఉంచాడు.

"మరీ దిగిపోతే ఛార్జరు దాన్ని పోల్చుకోదమ్మా. ముందు కాస్త ఊపిరి పొయ్యాల," అంటూ టీకొట్టు ప్లగ్గులో ఛార్జరు పెట్టాడు.

దీపం వెలిగింది.

గణపతిరావు షాపుకు వచ్చి కూలబడ్డాడు.

సాయంత్రం కావేరి నవ్వుతూ వచ్చింది.

"నర్సింగ్‌హోమ్ ఫోన్లన్నీ మీరే చూసుకోవాలండీ."

"నానా? ఆయనున్నాడు కదండి?"

"ఆయనకే ఇద్దామనుకున్నాను. వద్దన్నారు. 'గణపతిరావుగారు విప్పిన ఫోను సూసేనమ్మా, ఒక్క స్క్రూ కూడా అరగలేదు. అలాటి చేతికివ్వండి' అన్నారు."

ఆవిడ వెళ్ళగానే గణపతిరావు అర్జీ వెనక్కి తీసుకుందామని పంచాయతీ ఆఫీసుకి పరిగెత్తాడు.

బిల్లు కలెక్టరు పెదబాబు తలుపుకి తాళం వేస్తున్నాడు.

"ఇంకా అర్జీ ఏటి మావా? మద్దేనమే ఆ తాత బల్ల టీకొట్టోడికిచ్చేసి మాడుగుల బస్సెక్కిపోనాడు."

"ఆయనకి ఎవులు సెప్పేరు? ఎప్పుడు సెప్పేరు?"

"నానే. నిన్న సాయంత్రమే కాయితం సూపించేను. కింద నీ పేరు తనే పైకి సదివేడు."