చించని టికెట్

మెషిన్ కూయలేదు.

గేటు దగ్గరి అమ్మాయి ఆ కాగితం టికెట్‌ను అటూ ఇటూ తిప్పి మళ్లీ దాని ముందు పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇది పనికిరాదు పెద్దాయనా. ఇప్పుడన్నీ ఫోన్లోనే."

"మీ మేనేజరుగారే ఇచ్చారమ్మా. చించి సగం ఇస్తే లోపలికి వెళ్లిపోతా."

చించాలట! ఆమెకు నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. ఇవాళ నాటకం ఆఖరి ఆట. జనం మెట్ల దాకా ఉన్నారు. ఇంకొక్కసారి ఆట ఆలస్యమైతే రేపటినుంచి రానక్కర్లేదని మేనేజరు నిన్ననే చెప్పాడు. ఇంట్లో ముగ్గురికి ఆమె జీతమే ఆధారం.

"ఆయన లోపలున్నారు, వచ్చాక అడుగుతా. కాస్త పక్కన నిలబడండి" అని కసిరి, టికెట్‌ను టేబుల్ మీద పడేసింది.

పెద్దాయన ఏమీ అనుకోకుండా గోడవారగా నిలబడ్డాడు.

ఆట ఆరింటికి. ఇంకా పావుగంట ఉందనగా నెట్‌వర్క్ పోయింది. ఒక్కసారిగా అందరి ఫోన్లూ గుడ్లు తేలేశాయి. మేనేజరుకు చేద్దామంటే ఆమె ఫోనూ అంతే. వెనకనుంచి గొణుగుళ్లు మొదలయ్యాయి.

"తెల్ల కాగితాలున్నాయా తల్లీ?" అంటూ పెద్దాయన పక్కకొచ్చాడు.

ఆయన చకచకా చీటీలు చేశాడు. ఒక్కొక్కరినీ సీటు నంబరు అడగడం, చీటీకి రెండు పక్కలా రాయడం, మధ్యకు చించి సగం వాళ్ల చేతిలో పెట్టడం. మిగతా సగాన్ని టేబుల్ అంచున ఉన్న తుప్పుపట్టిన చువ్వకు గుచ్చాడు. ఆ చువ్వ అక్కడెందుకుందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

సీట్ల పటం వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. స్తంభం అడ్డొచ్చే సీటు వాళ్లకు కాస్త ఎడమకు జరిగి కూర్చోమని ముందే చెప్పాడు. మోకాళ్ల నొప్పులావిడను మెట్లు లేని తలుపు వైపు పంపాడు. ఒక కుర్రాడు నంబరు చెప్పగానే పెద్దాయన చువ్వ మీద వెతికి నవ్వాడు.

"అందులో ఇందాకే ఒకావిడ కూర్చుంది నాయనా. ఇంకోసారి గుర్తు తెచ్చుకో."

కుర్రాడు తల గోక్కుంటూ అసలు నంబరు చెప్పాడు. వరుసంతా నవ్వింది.

సరిగ్గా ఆరింటికి చివరి మనిషి లోపలికెళ్లాడు. తెర లేచే గంట మోగింది. అమ్మాయి గుండె కుదుటపడింది. ఇందాక కసిరిన మనిషి మీద ఎక్కడలేని ఆపేక్ష కలిగింది.

"మీరూ వెళ్లండి బాబాయ్" అని తలుపు తీయబోయింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "గంట కొట్టాక తలుపు తీయకూడదు తల్లీ. లోపల ఆడేవాళ్లకు ఇబ్బంది."

తలుపుకు చెవి ఆనించి కాసేపు విన్నాడు. బాగా చేస్తున్నారన్నాడు. ఆమె తల నిమిరి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాటకం అయ్యాక మేనేజరు నవ్వుకుంటూ బయటికొచ్చాడు. ఆట వేళకు మొదలైనందుకు ఆమెను మెచ్చుకున్నాడు. తర్వాత, మొదటి వరుసలో నడిమి సీటు ఖాళీగా ఉందేమని అడిగాడు.

అమ్మాయి టేబుల్ మీది టికెట్ చూపించి, జరిగిందంతా చెప్పింది.

మేనేజరు దాన్ని చేతిలోకి తీసుకుని, చించని అంచును వేలితో తడిమాడు.

"ముప్పై రెండేళ్లు ఈ గేటు దగ్గర టికెట్లు చించాడమ్మా, ఒక్క నాటకమైనా లోపల కూర్చుని చూస్తాడని ఈ ఒక్కటీ ఆయన కోసమే అచ్చు వేయించాను."