గేటు కాడి మనిషి

"ఆపరేషన్‌కు ఎంత చెప్పిండ్రు బిడ్డా?"

నర్సింగ్ హోమ్ గేటు దాటుతున్న ప్రేమావతి ఉలిక్కిపడి చూసింది. ఎవరో ముసలాయన. ఉతికిన తెల్ల ధోవతి, చేతిలో కర్ర.

ఆమెకు అసలే మనసు బాగాలేదు. లోపల వరండాలో భర్త మత్తయ్య కడుపు పట్టుకుని కూర్చున్నాడు. పిత్తాశయంలో రాళ్ళట. కోసి తియ్యాలట. డాక్టర్ చెప్పిన ఖర్చు విన్నాక, తమ ఊరు పాల్మాకులలో ఉన్న కాస్త చెలకను ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తూ బయటికొచ్చింది.

"నీకెందుకు బాపూ?" అంది.

"ఒక్కకాడ అడిగి ఒప్పుకోకు. జర పట్నంల గూడ అడుగు. రా, ఫోన్‌ల మాట్లాడిపిస్త."

అప్పటికి శంషాబాద్‌లో విమానాల చప్పుడు లేదు. బెంగళూరు రోడ్డు మీద లారీలు, రోడ్డుకు ఇవతల ఈ నర్సింగ్ హోమ్, అవతల సఖావత్ నడిపే ఎస్టీడీ బూతు.

వెళ్ళాలా వద్దా అనుకుంటూనే ప్రేమావతి రోడ్డు దాటింది.

సఖావత్ ఏమీ అడగకుండా మెహదీపట్నంలో ఒక ఆస్పత్రికి కలిపి రిసీవర్ ఆమె చేతికిచ్చాడు.

"మందులు, రూము అన్నీ కలిపేనా అని అడుగు" అన్నాడు ముసలాయన పక్కనుంచి.

అన్నీ కలిపేనన్నారు. ఇంకో ఆస్పత్రికీ చేశారు. అక్కడా అంతే. ఇక్కడ చెప్పినదాంట్లో సగం.

"చూసినవా? రేపు పొద్దుగాల్నే బస్సెక్కుండ్రి" అన్నాడాయన.

ప్రేమావతి ఆయన వైపు అనుమానంగా చూసింది.

"మమ్మల్ని పంపిస్తే నీకెంత ముడుతది?"

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"నాకేం ముడుతది బిడ్డా? చూడలేక చెప్తున్న."

ఆమె నమ్మలేదు. ఊరికే ఎవరు చెప్తారు? అయినా పట్నంలో దిక్కెవరు? ఆ నొప్పితో మత్తయ్య బస్సు కుదుపులు తట్టుకుంటాడా? అప్పుడే ఆమెకు ఒక ఆలోచన తట్టింది. నేరుగా డాక్టర్ గదిలోకి వెళ్ళింది.

"సార్, పట్నంల సగానికే చేస్తమన్నరు."

డాక్టర్ రాయడం ఆపాడు.

"ఎవరు చెప్పారు?"

ప్రేమావతి నసిగింది.

"చెప్పు. చెప్తే నేనూ తగ్గిస్తాను."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. ముసలాయన రోడ్డు దాటి వచ్చి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. ప్రేమావతి వేలెత్తి చూపించింది.

"గాయన సార్. ఎవరో దలాల్ లెక్కున్నడు. పట్నం దవాఖానోళ్ళ తాన పైసలు తింటడేమో."

ఆ చివరి మాట అనాల్సిన పని లేదు. డాక్టర్ దగ్గర మంచి అనిపించుకోవాలని అనేసింది.

డాక్టర్ కిటికీ వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. బెల్ నొక్కి కాంపౌండర్ మొగులయ్యను పిలిచాడు.

"ఆయన్ని అక్కడి నుంచి పంపించు."

"సార్, గాయన్ని నేనెట్ల..."

"పంపించమన్నాను."

మొగులయ్య తల వంచుకుని వెళ్ళాడు. డాక్టర్ ప్రేమావతి ముఖంలోకి చూడకుండానే అన్నాడు.

"ఆ రేటుకే చేస్తాను. వార్డులో ఎవరికీ చెప్పకు."

ఆమె వరండాలోకి వచ్చేసరికి మొగులయ్య ముసలాయన రెక్క పట్టుకుని పక్క సందులోకి తీసుకుపోతున్నాడు. ఆయన పెనుగులాడలేదు. ఆమెను చూసి ఆగాడు.

"తగ్గించిండ్రా బిడ్డా?"

ప్రేమావతి తలూపింది.

"మంచిదే. నీ మొగన్ని మంచిగ చూసుకో."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మత్తయ్యకు ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు రోజులకు పక్క మంచం మీదికి కొత్వాల్‌గూడ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమెకూ రాళ్ళే. కూతురు కౌసర్ తోడుగా ఉంది. కౌసర్ చేతులకు మట్టిగాజులు కూడా లేవు.

"బంగారు గాజులు అమ్మి కట్టినం అక్కా. మీతాన ఎంత తీసుకున్నరు?"

ప్రేమావతికి డాక్టర్ మాట గుర్తొచ్చింది. మత్తయ్య ఇంకా మంచం మీదే ఉన్నాడు.

"మీతాన తీసుకున్నంతనే" అంది.

ఆ తర్వాత కౌసర్ కళ్ళలోకి చూడలేకపోయింది. కిటికీలోంచి గేటు వైపు చూసింది. ఎవరూ లేరు. జనం వస్తున్నారు, చెప్పినంతా కట్టేస్తున్నారు. ఒకసారి పట్నంలో అడగండని చెప్పే మనిషి లేడు. ఆ మనిషిని తనే పట్టించింది.

ఇంటికి పోయి, కుట్లు విప్పించుకోవడానికి మళ్ళీ వచ్చిన రోజు డాక్టర్ రాలేదు. నర్సే విప్పి పంపించింది. మత్తయ్యను వరండాలో కూర్చోబెట్టి, బండి మీద బత్తాయిలు కొనుక్కుని ప్రేమావతి బూతుకు వెళ్ళింది.

"సఖావత్ తమ్మీ, ఆ పెద్దాయన మళ్ళ కనిపిస్తలేడు. కాళ్ళు మొక్కి మాఫీ అడుగుదామని వచ్చిన."

సఖావత్ చేతిలోని రిసీవర్ కింద పెట్టాడు.

"పోయిండక్కా. మొన్న నిద్రలనే ప్రాణం పోయింది."

ప్రేమావతి చేతిలో సంచి బరువెక్కింది.

"నేనాయన్ని దలాల్ అన్న తమ్మీ."

"దలాలా? అందరి ఫోన్ల పైసలు ఆయనే ఇస్తుండె. నీయి గూడ ఇచ్చిండు."

"ఇల్లు యాడ? వాళ్ళోళ్ళనన్న కలిసి పోత. ఎవరాయన?"

"ఎవరికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఇగ ఇప్పుడు దాచి ఏం ఫాయిదా?"

సఖావత్ రోడ్డు అవతలికి, నర్సింగ్ హోమ్ మేడ మీదికి చెయ్యి చూపించాడు.

"గదే ఇల్లు అక్కా, గాయన డాక్టర్ సాబుకు కన్నతండ్రి."