జీను పట్టీ

పక్షవాతంతో మా ముసలాయన వెండెల్‌కి ఎడమకాలూ మాటా పోయాయి. నడుం నిలబడాలని కాల్గరీ ఆసుపత్రిలో రోజూ మరగుర్రం ఎక్కించి ఊపుతున్నారు. బతుకంతా నిజం గుర్రాలను లొంగదీసిన మనిషిని!

దింపిన ప్రతిసారీ అతను కుడిచేత్తో దాని కడుపు కింద తడుముతాడు.

"మతి కూడా చెదిరిందండీ. ఇంటికి వద్దు, తాళం వేసే వార్డుకి పంపమని డాక్టరుగారికి రాస్తున్నాను," అంది కసరత్తు చేయించే మారిస్సా.

"జీను పట్టీ వదులు చేస్తున్నాడే పిల్లా! దిగాక వదలకపోతే గుర్రానికి ఊపిరాడదు," అన్నాను.

"దీనికి పట్టీ లేదు కదా!"

"ఊపిరీ లేదు. ఆ సంగతి ఆ చేతికెవరు చెప్పాలి?"

మారిస్సా నవ్వలేదు. అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా పొట్ట మీద బెల్టు బిగించింది. సరిగ్గా అప్పుడే వెండెల్ ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బించాడు. ఆమె రాసుకోడానికి అటు తిరగ్గానే వదిలేశాడు. బెల్టు వేలాడింది. నావైపు చూసి కన్ను గీటాడు.

జీను వేసేటప్పుడు మా జిత్తులమారి గుర్రాలన్నీ చేసే పని అదే.

"రాయడం ఆపి ఆ బెల్టు చూడు," అన్నాను. "మతిలేనివాడికి ఇంత జిత్తు వస్తుందా?"

మారిస్సా బెల్టులో నాలుగు వేళ్లు దూర్చి చూసింది. ఈసారి నవ్వింది. రాసింది కొట్టేసింది.

తర్వాత బెల్టు మరో రెండు కంతలు బిగించింది.

వెండెల్ నన్ను చూసిన చూపు, చాడీ చెప్పిన పెళ్లాన్ని చూసే చూపు. ఇంటికొచ్చాకా అలాగే చూస్తాడు. చూడనీ, ఇంట్లోనే కదా.