ముందు కూర్చోండి

"అసలు నేనొచ్చింది ఎందుకంటే..." అంటూనే గుమ్మంలోకి వచ్చాడు పక్కింటి గుమాస్తా.

"ముందు కూర్చోండి," అన్నాడు నవలాకారుడు.

సగం కాల్చిన సిగరెట్టునూ సగం రాసిన ఆఖరి పేజీనీ మేడమీద గదిలో వదిలేసి, తలుపు తీయడానికి దిగివచ్చాడాయన. ఐదింటికి ప్రచురణకర్త మనిషి వస్తాడు. నాలుగేళ్ళు చేత్తో రాసిన ఏడువందల పేజీలు, నకలు లేని ఒకే ఒక్క ప్రతి, అతనికి అప్పగించాలి. ఇవాళ తప్పితే ఈ ఏడు అచ్చు లేదు. గోడగడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ముళ్ళమీద కూర్చున్నట్టుంది ఆయనకి. అయినా ఇంటికొచ్చిన మనిషిని "ఏం పని?" అని ఎలా అడుగుతాడు? ఆయన నవల పేరే "తూర్పు తీర్పు".

"కూర్చునే టైము లేదు సార్. మీ..."

"వచ్చీ రాగానే పని చెప్పేయడానికి మనమేమన్నా పాశ్చాత్యులమా? నా నవలలో పడమటివాడు గడప దాటకుండానే విషయం కక్కేస్తాడు. వాడికి ఊరుకోవడం పడదు, అందుకే పడమర. తూర్పువాడు కుశలమడుగుతాడు, కాఫీ తాగుతాడు, వెళ్తూ వెళ్తూ చెప్పుల్లో కాలుపెట్టి 'ఏం లేదండీ' అంటాడు. అసలుది ఆ తర్వాతే. అదండీ సంస్కారం. పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారు సార్."

గుమాస్తా కుర్చీ అంచున కూర్చుని పైకప్పు వంక చూశాడు. నుదుటినిండా చెమట.

నిచ్చెన కోసమే అయుంటుంది, అనుకున్నాడు నవలాకారుడు. పోయిన వారమూ ఇలాగే నీళ్ళు నమిలి నమిలి, చివరికి నిచ్చెన పట్టుకుపోయాడు.

"ఏమోయ్, ఏదో మాడుతున్నట్టుంది చూడు," అని వంటింట్లోకి కేకేశాడు.

"మీ కబుర్లు వింటుంటే పాలు పొంగిపోయాయి. ఆ వాసనే," అంటూ ఇల్లాలు రెండు కప్పులు తెచ్చి పెట్టింది.

గుమాస్తా పొగలు కక్కే కాఫీని ఒక్క గుక్కలో మింగేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు చెప్పొచ్చా సార్?"

"అంత తొందరేమిటండీ? నిచ్చెన గోడవారనే ఉంది, ఎక్కడికీ పోదు."

"నిచ్చెన కూడా కావాల్సొస్తుంది సార్."

కూడానా? ఇంకేం పట్టుకుపోతాడో. గడియారం నాలుగున్నర కొట్టింది. ఇక లాభంలేదని నవలాకారుడే లేచి, అతని భుజంమీద చెయ్యేసి గుమ్మందాకా నడిపించాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి."

గుమాస్తా బుద్ధిగా చెప్పుల్లో కాలుపెట్టాడు.

"ఏం లేదండీ, మీ మేడమీద గది అంటుకుంది."