దొంగసాక్ష్యం

"ఈ మాట రాసింది మీరేనా అండీ?"

హన్నమ్మ కాలేజీ పత్రిక విప్పి బల్లమీద పెట్టింది. సముద్రపొడ్డున పల్లెపాలెంలో, మిషన్ బడి పంతులమ్మ ఆవిడ. ఎండలో నాలుగు మైళ్ళు నడిచి బందరు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

వెంకటసుబ్రహ్మణ్యం తొంగిచూసి నవ్వాడు. "నేనే. మొహమాటానికి రాసే అలవాటు లేదు నాకు."

కాశీలో యూనివర్సిటీ చదువు పూర్తిచేసి, సొంతూరు బందరు కాలేజీలో పాఠాలు చెప్పడానికొచ్చి ఆరునెలలు కాలేదు. అప్పుడే ఊళ్ళో కవులు అతన్ని చూస్తే పక్కసందులోకి తప్పుకుంటున్నారు. కొత్త విమర్శ అంటే ఏమిటో వీళ్ళకు నేర్పి తీరతానని అతని పంతం. పద్ధతి కాశీనుంచే తెచ్చాడు. పద్యం మీద పేరుండకూడదు. ఎవరి కొడుకో, ఏ కులమో, ఎవరి శిష్యుడో తెలియకూడదు. కాగితం మీది మాటలే సాక్ష్యం. న్యాయమైన పద్ధతే, కాదనను. పత్రికవాళ్ళు అందరికీ పద్యాల పోటీ పెట్టి, వచ్చినవాటికి పేర్లు కత్తిరించి అతనికి పంపారు. తీర్పులు అచ్చేశారు.

హన్నమ్మ వేలు పెట్టినచోట ఈ నాలుగు పాదాలున్నాయి:

మట్టిరంగు మా సముద్రం.
మూతపెట్టిన ఎసరులా లోలోపలే ఉడుకుతుంది.
అయ్య పడవ వచ్చేదాకా
దాని మొహం చూడను, దాని మాట వింటాను.

కింద అతని తీర్పు: "సముద్రం నీలం. దాని ఘోష ఉరుము. ఎసరు అనడం వంటింటి ఊహ. ఈ కవి జన్మలో సముద్రం చూసి ఎరగడు. చూడనిదాన్ని రాయడం కవిత్వం కాదు, దొంగసాక్ష్యం."

"రాసిన పిల్ల పేరు రత్నకుమారి," అంది హన్నమ్మ. "మా పాలెంలో పోతయ్య కూతురు. వేటకెళ్ళే ఇల్లు. సముద్రానికీ వాళ్ళ గుడిసెకీ మధ్య ఒక్క ఇసకదిబ్బ అడ్డం, అంతే."

సుబ్రహ్మణ్యం నవ్వు ఆగిపోయింది. కానీ చదువుకున్నవాడు అంత తేలిగ్గా ఓడిపోతాడా?

"సముద్రం సంగతి నాకు చెప్పకండి పంతులమ్మగారూ. పెద్ద ఉప్పెనలో మా ఇంట్లో పదకొండుమంది పోయారు. మా బామ్మ తాటిదూలం పట్టుకుని ఆ నీళ్ళలో తేలి బతికింది. ఆవిడ ఒళ్ళో పెరిగినవాణ్ణి నేను."

అబద్ధం కాదు. కార్తీక పౌర్ణమికి బందరంతా బళ్ళు కట్టుకుని సముద్రస్నానాలకు పోతే, వాళ్ళింట్లో నూతి దగ్గర నిలబడి ఆ పదకొండు పేర్లూ చెప్పి నీళ్ళు వదిలేవారు. పేరొక్కటీ పోకుండా అతనికి నోటికొచ్చు.

"పోయినవాళ్ళకు దణ్ణం పెడతానండీ. బతికున్నదాని సంగతి చూడండి." హన్నమ్మ పత్రిక అతని వైపు జరిపింది. "ఎనిమిది పాసైంది. పంతులమ్మల ట్రైనింగు బడికి పంపుదామని దరఖాస్తు రాశాను. పోతయ్య ఒక్కటే అన్నాడు, బందరు పెద్దలు బాగుందంటే పంపుతానని. నేనో పిచ్చిదాన్ని, ముందుగా చూసుకోకుండా వాళ్ళ ముందే పత్రిక విప్పి చదివాను."

"ఏమన్నాడు?"

"'సముద్రం ముందు పుట్టిన పిల్ల సముద్రం చూళ్ళేదని పెద్దాయన రాశాడంటే, నీ చదువు దాని కళ్ళు తీసేసినట్టేగా పంతులమ్మా! ఇంకా చదివితే గుడ్డిదైపోద్ది' అన్నాడు. పుస్తకాలు అటకెక్కించి పిల్ల నెత్తిన చేపలగంప పెట్టాడు. మీరొచ్చి ఒక్క ముక్క చెప్పండి. మీ మాటే వింటాడు."

"వస్తాను. ఈ వారం పరీక్షలు. ఆదివారం వస్తాను."

ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆ పైవారం జ్వరమన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి కాళ్ళు రాకపోతే జ్వరాలు బాగా వస్తాయి. మూడో ఆదివారం బండి కట్టించాడు. బామ్మతో మాత్రం పామర్రు వెళ్తున్నానని చెప్పాడు. పల్లెపాలెం అంటే ఆవిడ గడప దాటనివ్వదు. ఊరు దాటాక ఇద్దరు ముగ్గురిని దారి అడగాల్సి వచ్చింది.

బడి గుమ్మంలో హన్నమ్మ అతన్ని చూసింది. "ఇప్పుడా రావడం?" అని ముందు నడిచింది.

పోతయ్య గుడిసె నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. బాబుగారిని చూసి లేవబోయాడు.

"కూర్చో పోతయ్యా. తప్పు నాది. నీ కూతురు రాసింది బాగుంది. దాన్ని చదివించు."

"మంచి మాట చెప్పారు బాబుగారూ." పోతయ్య కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మొన్న బుధవారం పెళ్ళి చేసేశామండి. దివిసీమ వాళ్ళకిచ్చాం. పడవెక్కేముందు ఆ పత్రిక కాయితం అడిగి తీసుకుని, నీళ్ళలో వదిలేసిందండి."

"ఏమీ అనలేదా?"

"ఏడవలేదండి. 'అయ్యా, నీలంగా ఉండే సముద్రం ఎక్కడుంది?' అనడిగింది. నాకేం తెలుసు? పుట్టాక ఇదొక్కటే చూశాను." పోతయ్య వల పక్కన పెట్టి, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "తమరు చూసినకాడ నీలంగా ఉంటదా బాబుగారూ?"

సుబ్రహ్మణ్యం గుడిసె వెనక ఇసకదిబ్బ ఎక్కసాగాడు. చెప్పులు కూరుకుపోతుంటే వదిలేసి వట్టికాళ్ళతో ఎక్కాడు.

పైన నిలబడ్డాడు. కంటికి ఆనినంత దూరమూ మట్టిరంగు. ఉరుము లేదు. మూతపెట్టిన ఎసరులా, లోలోపలే ఉడుకుతోంది.

పాతికేళ్ళ బతుకులో అతను సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి.