పక్కింటి కుక్కలాయన

పక్కింటి కుక్కలు మళ్ళీ అందుకున్నాయి.

నర్సు దిండు తీసి చెవుల మీద అదుముకుంది. రాత్రంతా ఆసుపత్రిలో నిలబడి వచ్చిన ఒళ్ళు. అప్పుడప్పుడే కన్ను అంటుకుంటోంది.

పాలబండి వెళ్తే మొరుగుడు. ఎదురింటి తలుపు కిర్రుమంటే మొరుగుడు. ఎవరూ రాకపోతే, ఎవరూ రాలేదని మొరుగుడు.

ఉన్నవి మూడు. ఒకటి గొంతెత్తితే మిగతా రెండూ వంత పాడేవి.

"చెవుల్లో దూది పెట్టుకోకపోయావా అమ్మాయ్?" గుమ్మంలోంచి అడిగింది అత్తగారు.

"పెట్టుకున్నానత్తయ్యా. మీ మాట సగమే వినపడుతోంది. వాటి మాట మాత్రం పూర్తిగా వినపడుతోంది."

ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషే. ఈమధ్యే అద్దెకు దిగాడు. వీధిలో అందరికీ కుక్కలాయన. మాసిన గడ్డం, చింతనిప్పుల్లాంటి కళ్ళు. పగలెప్పుడు చూసినా ఇంట్లోనే ఉండేవాడు.

"తాగుబోతు. కాకపోతే అంత గోలలో ఎవడికి నిద్ర పడుతుంది?" అని తేల్చేసింది అత్తగారు.

నర్సు ఎలాగోలా నెట్టుకొచ్చింది, ఆసుపత్రిలో ఆ సంగతి జరిగేదాకా.

ఒక రోగికి చెయ్యాల్సిన ఇంజెక్షన్‌ని పక్క మంచం మీది పెద్దాయనకి చెయ్యబోయింది. సూది ఇంకా తగలకముందే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నాకు ఇందాకే చేశావు కదమ్మా."

నర్సు సూది పక్కన పెట్టి, వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది.

డ్యూటీ దిగి, భుజాన బ్యాగుతోనే వెళ్ళి పక్కింటి గేటు కొట్టింది.

చాలాసేపటికి కుక్కలాయన బయటికొచ్చాడు. నిద్రమొహం, రేగిన జుట్టు. కాళ్ళ చుట్టూ కుక్కలు.

"ఏంటమ్మా?"

"మీ కుక్కల వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది."

ఆయన బిత్తరపోయి చూశాడు.

"నేను నర్సుని. రాత్రి డ్యూటీ. పగలు నిద్రలేకపోతే నా చేతిలో మందులు తారుమారవుతాయి. మీకైతే పనీ పాటా లేదు, ఎప్పుడు పడుకున్నా చెల్లుతుంది. నాకు చెల్లదు."

ఆయన ఏదో అనబోయి, కళ్ళు నులుముకున్నాడు.

"ఏ వేళప్పుడు పడుకుంటారమ్మా?"

"ఇదిగో, ఇప్పుడే. మధ్యాహ్నం దాటేదాకా."

"సరేనమ్మా. ఆ వేళకి ఇవి ఇక్కడ ఉండవు."

"ఉంటే మాత్రం కంప్లైంట్ ఇస్తాను."

"అంతదాకా రానివ్వను. ఎవరో రోడ్డు మీద వదిలేసిపోతే తెచ్చుకున్నాను వీటిని. మళ్ళీ రోడ్డు పాలు చెయ్యలేను. ఏదో ఒక దారి చూస్తాను. మీరెళ్ళి పడుకోండి."

మర్నాడు ఆమె వీధి మలుపు తిరిగేసరికి కుక్కలాయన ఎదురొచ్చాడు. మూడు తాళ్ళూ చేత్తో పట్టుకుని, రైలు పట్టాల అవతలి మైదానం వైపు వెళ్తున్నాడు.

ఆ రోజు ఆమె లేచేసరికి గోడ మీది ఎండ దిగిపోయింది. ఎన్నాళ్ళకో కంటినిండా నిద్ర. మంచం దిగకుండా అలాగే కాసేపు, ఏ చప్పుడూ లేని ఇంటిని వింటూ పడుకుంది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. వాన పడినా, చలి కొరికినా, ఆమె ఇంటికి వచ్చే వేళకి ఆయన కుక్కలతో బయల్దేరేవాడు.

వార్డులో ఆమె చేతులు కుదుటపడ్డాయి. ఇంజెక్షన్ తప్పించుకున్న పెద్దాయన తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికి వెళ్ళాడు. గుమ్మం దాకా సాగనంపి, ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"మీ కుక్కలాయన్ని చూశాను" అంది ఒకరోజు అత్తగారు. "మైదానంలో బెంచీ మీద కూర్చుని తూలుతున్నాడు. తాళ్ళు జారిపోకుండా మణికట్టుకి చుట్టుకున్నాడు. తెల్లారకుండానే పట్టించినట్టున్నాడు."

"పోనీలెండత్తయ్యా. మాట నిలబెట్టుకున్నాడు, అది చాలు."

దారిలో ఎదురైతే ఆయన పక్కకి జరిగి దారి ఇచ్చేవాడు. ఒక మంచిమాట చెప్పాలని ఆమెకీ ఉండేది. కానీ అప్పటికి కళ్ళు మూతలు పడుతుండేవి. రేపు చెబుదాంలే అనుకుని ఇంట్లోకి వెళ్ళిపోయేది.

ఒకరోజు నిద్ర లేచి చూస్తే పక్కింటికి తాళం. ఖాళీ చేసి వెళ్ళిపోయాడని, ఇంటి ఓనరు తాళంచెవి తనకిచ్చాడని అత్తగారు చెప్పింది.

నర్సుకి మనసులో ఒక మూల పీకడం మొదలైంది. తన మాటలకే వెళ్ళిపోయాడా?

కొన్నాళ్ళకి ఒకతను చిన్న ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు.

"పెరట్లో కుక్కల చెక్కపెట్టె ఉండిపోయిందటమ్మా. ఇక్కడుండే మావాడు తెచ్చిపెట్టమన్నాడు. తాళంచెవి మీ దగ్గరుందన్నారు."

నర్సే వెళ్ళి తలుపు తీసింది.

"ఆయన బాగున్నారా?"

"హాయిగా ఉన్నాడమ్మా. ఊరి చివర పెద్ద పెరడున్న ఇల్లు దొరికింది. అవి ఎంత మొరిగినా అడిగేవాళ్ళు లేరు. మనిషి కూడా కాస్త ఒళ్ళు చేశాడు."

ఆమె గుండెల మీంచి బరువు దిగిపోయింది. నవ్వు కూడా వచ్చింది.

"మంచి కబురు చెప్పారు. మరి పనేమైనా దొరికిందా?"

పెట్టె ఎత్తబోతున్నవాడు ఆగి చూశాడు.

"పని లేకపోవడమేంటమ్మా? బ్రెడ్డు ఫ్యాక్టరీలో నేనూ వాడూ ఒకే ఓవెన్ దగ్గర. కాకపోతే వాడిప్పుడు బతిమాలి పగటి డ్యూటీకి మారాడు."

"అంటే ఇక్కడున్నప్పుడు?"

"నాతోపాటే కదమ్మా, రాత్రంతా పనిచేసి తెల్లారాక ఇల్లు చేరేవాడు."